చిల్లర ఎండ

ఇరవయ్యారేళ్లు ఈ ఊళ్లో ట్రాలీబస్సు నడిపాను.
ఉలాన్‌బాతర్ ఎక్కడ వంగుతుందో, ఎక్కడ గతుకు పడుతుందో
నా నడుముకు తెలుసు.
కాబట్టి కొత్త మేడల గురించి నన్నూ ఓ మాట అననివ్వండి.

ముందు దక్షిణం దాని సంగతి.
ఇరవయ్యేడు అంతస్తులు. పేరు పూలవనం.
పేరు గొప్ప, ఊరు దిబ్బ.
వాకిట్లో ఉన్నవి రెండు ప్లాస్టిక్ తొట్లు,
వాటిలో సిగరెట్ పీకలు
అన్ని కాలాల్లోనూ పూస్తాయి.

మావాళ్ల గుడారానికి గుమ్మం ఎప్పుడూ దక్షిణానికే.
అమ్మ పొద్దున్నే పాలటీ కాచి
మొదటి గరిటె బోగ్ద్ ఖాన్ కొండవైపు చల్లేది.
ఐదో అంతస్తు బాల్కనీలోంచి నేనూ చల్లుతున్నాను.
ఇప్పుడా చుక్కలు బయల్దేరేది కొండకు కాదు,
ఎదురింటి ఎవరిదో పడకగదికి.
నిన్న ఆ తెర తొలిగింది.
బనీను మీదున్న కుర్రాడొకడు పళ్లు తోముకుంటూ
నాకు చెయ్యూపాడు.
కొండ ఏనాడూ అలా ఊపలేదు,
దాని మర్యాద దానిది.

సున్నాకు ముప్ఫై మెట్లు కింద జనవరి గడిపేవాళ్లకి
ఎండంటే అందం కాదు,
ఇంటి సామాన్లలో ఒకటి.
పదకొండుంపావుకు మా కిటికీలోంచి లేచి
ఆ మేడ వెనక్కి వెళ్లిపోతుంది.
మళ్లీ వచ్చేసరికి రెండు దాటుతుంది.
మధ్యలో ఉన్న ఆ మూడు గంటలూ
నా మోకాళ్లవి.

అమ్మకాల మనిషి పొడుగు కోటేసుకొచ్చి
"అభివృద్ధమ్మా" అన్నాడు.
దాని నీడ పొడవెంత నాయనా అనడిగాను.
బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాడు.
అందులో ఎప్పుడూ వేసవే, ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే.
ఏ చెట్టుకీ నీడ లేదు,
ఏ మనిషికీ కీళ్లనొప్పి లేదు.

ఇదంతా చెప్తే
కింది వాటా లువ్సన్‌దోర్జ్ నవ్వుతాడు.
మా బిల్డింగు కట్టేటప్పుడు సున్నం కలిపినవాడు.
"మనది లేచిన ఏడు ఇక్కడ పదకొండు గుడారాలు పీకించారు, నోర్జ్‌మా.
ఒక ముసలామె వెళ్తూ వెళ్తూ గోడ మీద ఉమ్మేసింది.
దాని మీదే సున్నం కొట్టాను."
అప్పట్నుంచి నా తిట్లు
సగంలో దగ్గుతున్నాయి.

ఇంకోటి దాచాను, అదీ చెప్పేస్తాను.
ఉత్తరాన అద్దాల మేడ లేస్తుంటే
దాన్ని ఇంకా ఎక్కువ తిట్టాను.
బోడిది, మొహం లేనిది,
పావురం వాలబోయి తన నీడకే గుద్దుకుని చచ్చింది.
మరి అక్టోబరులో ఒక మధ్యాహ్నం
వంటింట్లో పిండి పిసుకుతుంటే
మణికట్టు మీద వెలుగు.
లైటు వేసి మర్చిపోయానేమోనని
స్విచ్చి దాకా వెళ్లాను.
ఆపే ఉంది.

ముప్ఫయ్యొక్క ఏళ్లలో పొద్దు ఆ వంటింటి గడప తొక్కలేదు.
ఇప్పుడు ఆ పై అంతస్తుల అద్దాలకి తగిలి,
వెనక్కి తిరిగి,
దొంగలా ఉత్తరపు కిటికీలోంచి వస్తోంది.
దక్షిణపు మేడ నోటు పట్టుకుపోతే
ఉత్తరపు మేడ చిల్లర చేతిలో పెడుతోంది.
లెక్క సరిపోదు. సరిపోదని ఇద్దరికీ తెలుసు.
పల్చటి ఎండ, కొంచెం ఆకుపచ్చ,
కడిగిన గ్లాసులో మిగిలిన నీళ్లలాంటిది.
నలభై నిమిషాలు.

జెరేనియం తొట్టి అక్కడికి మార్చాను.
స్టూలు కూడా.
పైన ఎవరో గాలికని కిటికీ తెరుస్తారు,
నా వెలుతురు గోడమీంచి కప్పు మీదికి ఎగిరిపోతుంది.
"మూసెయ్ తల్లీ, చలి" అంటాను ఇక్కణ్నుంచి.
ఎవరికి వినపడుతుంది?
జానెడు జరుగుతాను.

అభిప్రాయం అడిగితే ఇప్పటికీ తిడతాను.
ఎవరొచ్చినా, ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా సరే.
మూడింటికి మాత్రం రాకండి,
ఆ టైములో
వంటింట్లో ఉంటాను.